సీతారావమ్మకి ఉప్పు పథ్యం

జిల్లాలో జనం ఉప్పు ఎక్కువగా తింటున్నారని పైవాళ్ళకి హఠాత్తుగా తెలిసింది. ఎలా తెలిసిందని అడగకూడదు. పైవాళ్ళకి ఏదైనా హఠాత్తుగానే తెలుస్తుంది. అంతకు ముందు ఏడు జనం నీళ్ళు సరిగ్గా తాగడం లేదని తెలిసి, ప్రతి ఆఫీసులోనూ గంటకోసారి గంట కొట్టి గ్లాసుడు నీళ్ళు తాగించారు. మరుగుదొడ్లు చాలక ఆ ఉద్యమం ఆగిపోయింది. ఈ ఏడు ఉప్పు వంతు వచ్చింది. ‘చిటికెడు తగ్గిద్దాం’ అని పేరు పెట్టారు. గోడల మీద ఉప్పు డబ్బాకి కోరలు మొలిపించి బొమ్మలు వేశారు. ఆఫీసు క్యాంటీన్లలో ఊరగాయ జాడీలకి తాళాలు పడ్డాయి. వీటన్నిటినీ నడిపించడానికి లవణ నియంత్రణ ప్రత్యేకాధికారి అని ఒకాయనని వేశారు. ఆయన పేరు శ్రీవల్లభరావు.

ప్రత్యేకాధికారి వచ్చీ రాగానే అన్ని ఆఫీసులకీ ఓ తాఖీదు పంపాడు. “ప్రతి కార్యాలయమూ తన పరిధిలోని వారి బీపీ వివరములను, దినసరి ఉప్పు వినియోగమును ఈ సాయంత్రం ఐదు గంటల లోపు పంపవలెను. పంపని యెడల తీవ్రముగా పరిగణించబడును” అని అందులో ఉంది.

ఈ తాఖీదు గుండ్లకొండ దగ్గరున్న అల్పశ్రేణి ఖనిజ శుద్ధి ప్రయోగ కేంద్రానికి నాలుగుంబావుకి చేరింది. కేంద్రానికి ఇన్‌చార్జి డైరెక్టరు నిత్యానందం గారు. ఆయన అసలు ఉద్యోగం మత్స్యశాఖలో. చేపల మధ్య నుంచి వారానికోసారి, మంగళవారం నాడు, ఇక్కడికి వచ్చి సంతకాలు పెట్టి వెళ్తుంటాడు. ఆ రోజు మంగళవారం కావడమే జరిగిన అనర్థాలన్నిటికీ మూలం. ఆయన ఈ లోకంలో దేనికీ భయపడడు గానీ ‘తీవ్రముగా పరిగణించబడును’ అన్న మాట చూస్తే మాత్రం చెమటలు పోస్తాయి. అటెండరుని పిలిచి, “మన దగ్గర బీపీ వివరాలేమన్నా ఉన్నాయా?” అని అడిగాడు.

“ఎందుకు లేవండీ! ఫర్నేసు కాడ పుస్తకంలో పూటపూటకీ రాస్తారు.”

“ఉప్పు?”

“అదీ దాంట్లోనే రాస్తారండీ.”

ఎంత ముందుచూపున్న ఆఫీసు అనుకుని నిత్యానందం గారు మురిసిపోయాడు. ఆ పుస్తకం తెప్పించి, ఆనాటి పేజీకి ఫోటో తీయించి, ఐదుకి రెండు నిమిషాలు ఉందనగా పంపించేసి, ఊపిరి పీల్చుకుని చేపల దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఆ పేజీలో ఉన్నది ఇంతే: “సీతారావమ్మ, 22 ట. బీపీ 180/110. ఉప్పు నాలుగు క్వింటాళ్ళు. వేడి 1000. పొగ బాగుంది. జి. ఏసుపాదం.”

ఇప్పుడు సీతారావమ్మ ఎవరో చెప్పాలి. ఆవిడ ఒక కొలిమి. ఇరవై రెండు టన్నుల బరువు, కొంచెం ఏటవాలుగా పడుకుని నింపాదిగా తిరిగే ఇనప గొట్టం, లోపల ఇటుక. మొదట్లో దాన్ని నడిపిన ఫోర్‌మన్, ఉప్పు కాస్త ఎక్కువైనా తక్కువైనా మండిపడుతోందని దానికి తన అత్తగారి పేరు పెట్టాడు. ఆయన రిటైరై వెళ్ళిపోయాడు గానీ పేరు నిలిచిపోయింది. బీపీ అంటే బ్యాక్ ప్రెషరు. కొలిమిలోంచి బయటికి పోయే పొగకి ఎంత అడ్డు తగులుతోందో చెప్పే అంకె. ఆ పొగ చల్లారే చల్లగదికి ముందొక మీటరు, వెనకొక మీటరు ఉంటాయి కాబట్టి రెండంకెలు రాస్తారు. సీతారావమ్మకి నూట ఎనభై బై నూట పది ఉంటే నిక్షేపంగా ఉన్నట్టు లెక్క.

ఉప్పు సంగతి కూడా చెబితే కథ సుళువుగా సాగుతుంది. గుండ్లకొండ రాతిలో సీసమూ రాగీ ఉన్నాయి గానీ, ఉన్నాయని చెప్పుకోవడానికి సిగ్గుపడేంత తక్కువ. మామూలు పద్ధతిలో కరిగిస్తే కొండను తవ్వి ఎలుకను పట్టినట్టే. అందుకని రాతిని పిండి చేసి, ఉప్పు కలిపి, వెయ్యి డిగ్రీల మీద కాలుస్తారు. ఉప్పులోని క్లోరిన్ పోయి సీసాన్నీ రాగినీ పట్టుకుంటుంది. పట్టుకున్న మరుక్షణం అవి ఆవిరై పైకి లేస్తాయి. రాయి కిందే ఉండిపోతుంది. ఆ ఆవిరిని చల్లగదిలోకి తోలితే గోడలకి పిండిలా పేరుకుంటుంది. ఆ పిండిలోంచి లోహం తీయడం పెద్ద కష్టం కాదు. కష్టమంతా ఉప్పు పాళ్ళలో ఉంది. టన్నుకి క్వింటాలు చొప్పున, ఏ వేడి దగ్గర, ఎంత తడిగా కలపాలో కనిపెట్టిన మనిషి ప్రస్తుత ఫోర్‌మన్ గోపతి ఏసుపాదం. దానికి ఆయనకి రెండేళ్ళు పట్టింది, కుడిచేతి మీద చర్మం కొంత పోయింది.

ఏసుపాదానికి పద్నాలుగేళ్ళుగా ఒకే ఒక్క కోరిక. పైనుంచి ఒక్క మనిషి, ఒకే ఒక్క మనిషి వచ్చి, చల్లగదిలో పిండిని చేత్తో పట్టుకుని చూసి, “అవునయ్యా, ఇది లోహమే” అనాలని. ఎవరూ రాలేదు. వచ్చినవాళ్ళు గేటు దగ్గర కొబ్బరిబోండాం తాగి వెళ్ళారు. చివరికి ఈ ఏడు పైనుంచి తుది హెచ్చరిక వచ్చింది. వచ్చే నెల మూడో తారీకున సాంకేతిక కమిటీ వస్తుంది. మూడు రోజులు ఏకబిగిన కొలిమి నడిపి, రాతిలో ఉన్న లోహంలో నూటికి ఎనభై ఐదు వంతులు పట్టి చూపించాలి. చూపిస్తే కేంద్రం ఉంటుంది. లేకపోతే సీతారావమ్మని తుక్కు కింద కోసేసి, పద్దెనిమిది మందిని తలోదిక్కుకీ పంపేస్తారు. ఇంకా పన్నెండు రోజులుంది. ఏసుపాదం నాలుక చివర ఎనభై ఐదు కాదు, తొంభై అనే అంకె తిరుగుతోంది.

ఇలాంటి సమయంలో బుధవారం పొద్దున ఆరోగ్య కార్యకర్త కృపావతి, భుజానికి సంచీ, చేతిలో బీపీ చూసే పట్టీతో ఫర్నేసు షెడ్డులోకి వచ్చింది.

“అన్నా, సీతారావమ్మ ఎక్కడుంది? జిల్లా మొత్తం మీద సీరియస్ కేసంట. పొద్దున్నే నన్ను తరిమారు.”

ఏసుపాదం వేలు చూపించాడు. కృపావతి ఆ వేలి వెంట చూపు సాగించింది. ఇనప గొట్టం గర్రుగర్రుమని తిరుగుతోంది.

“దాని ఎనకాల ఉందా?”

“అదేనమ్మా.”

కృపావతి చేతిలోని పట్టీని చూసుకుంది, కొలిమిని చూసింది, పట్టీని సంచీలో పెట్టేసుకుంది. తర్వాత అక్కడున్న బల్ల మీద కూర్చుని కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వడం అయ్యాక ఫోను తీసి చూపించింది. అందులో రోగి వివరాలున్నాయి. సీతారావమ్మ, స్త్రీ. బీపీ నూట ఎనభై బై నూట పది. జ్వరం వంద, ఎందుకంటే ఆ గడిలో నాలుగంకెలు పట్టవు. బరువు ఇరవై రెండు. రోజుకి తినే ఉప్పు నాలుగు క్వింటాళ్ళు.

“ఇరవై రెండు కిలోలంటే పౌష్టికాహార లోపం కూడా ఉన్నట్టే అన్నా. రేపటి నుంచి గుడ్లు వస్తయ్.”

“తల్లీ, అది మనిషి కాదని రాసెయ్యరాదా?”

“ఈ ఫోను రాయనీదు. రోగిని చూళ్ళేదంటే కారణం నొక్కాల. ఇంట్లో లేదు, ఒప్పుకోలేదు, గర్భిణి. ఇయ్యే ఉన్నయ్. కొలిమి అని గడి లేదు. నువ్వు ప్రత్యేకాధికారి కాడికే పో.”

మర్నాడు గుడ్లు రానే వచ్చాయి. వాటితో పాటు వేరుశనగ చిక్కీ కూడా వచ్చింది. సీతారావమ్మ తరపున షిఫ్టు వాళ్ళు సంతకం పెట్టి తిన్నారు. ఏసుపాదం మాత్రం వాటిని ముట్టలేదు. తెల్లచొక్కా వేసుకుని జిల్లా కేంద్రానికి బస్సెక్కాడు.

శ్రీవల్లభరావు గారి గదిలో గోడ నిండా చార్టులు. అన్నీ కిందికి దిగుతున్న గీతలే. ఒక్క గీత మాత్రం కప్పు దాకా వెళ్ళి, అక్కడ కాగితం అయిపోయినందువల్ల ఆగింది. అది సీతారావమ్మది.

“అయ్యా, సీతారావమ్మ గురించి వచ్చానండి. ఆవిడ కొలిమండి.”

“తెలుసు,” అన్నాడు ప్రత్యేకాధికారి ఫైలు తిప్పుతూ. “ఇంటిపేరు మా దగ్గర నమోదు కాలేదు. మంచిపని చేశారు. కొలిమి సీతారావమ్మ.” అని రాసుకున్నాడు.

“ఇంటిపేరు కాదండీ! మనిషే కాదండి.”

“మనిషి కాని యెడల బీపీ ఎట్లు సంభవించును?”

“బీపీ అంటే బ్యాక్ ప్రెషరండి.”

“వీపులో కూడా ఒత్తిడి ఉన్నదా?” ప్రత్యేకాధికారి ముఖంలో నిజమైన ఆందోళన కనిపించింది. అదీ రాసుకున్నాడు. “చూడండి, మీరు సదరు రోగికి ఏమవుతారు?”

“ఫోర్‌మన్‌నండి. పద్నాలుగేళ్ళుగా నేనే చూసుకుంటున్నా.”

“పద్నాలుగేళ్ళుగా దగ్గరుండి రోజుకి నాలుగు క్వింటాళ్ళ ఉప్పు పెట్టారు. పైగా మనిషే కాదంటున్నారు. మీ వంటి బంధువుల వల్లనే సమాజంలో మహిళల ఆరోగ్యం ఈ స్థితికి వచ్చినది.”

ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే రకం ఈయన అని ఏసుపాదానికి అర్థమైంది. అయినా ఆశ చావక, జాబితాలోంచి పేరు తీసేసే దారి చెప్పమని చేతులు జోడించాడు.

“నిబంధనల ప్రకారం మూడు కారణములు. ఒకటి, వ్యాధి నయం కావలెను. రెండు, రోగి మరణించవలెను. మూడు, వేరే జిల్లాకి వలస పోవలెను.”

“పొరపాటున రాశాం అని ఉండదాండీ?”

“పొరపాటు అని ఒక గడి పెడితే రేపు అందరూ అదే నొక్కుతారు. అప్పుడు ప్రభుత్వం ఎట్లు నడుచును?”

ఇందులో న్యాయం ఉందని ఒప్పుకోవాలి. ఏసుపాదం ఒప్పుకోకపోయినా వచ్చేశాడు, ఎందుకంటే ప్రత్యేకాధికారి కూడా ఆయన వెనకే బయల్దేరాడు. ఒక రోగి ఇంట్లో ఆరు టన్నుల ఉప్పు నిల్వ ఉందని అప్పుడే ఎవరో చెప్పారు మరి. ఆ సాయంత్రం కేంద్రంలోని ఉప్పు గోడౌనుకి తాళం పడింది, తాళానికి లక్క పడింది, లక్క మీద ముద్ర పడింది. పత్రికలవాళ్ళు ఫోటో తీసుకున్నారు. రోగికి రోజుకి ఐదు గ్రాములు చాలని, అది కూడా కృపావతి స్వయంగా పొట్లం కట్టి తెచ్చి ఇవ్వాలని ఉత్తర్వు అయింది.

నాలుగు క్వింటాళ్ళ బదులు ఐదు గ్రాములతో ఏసుపాదం కొలిమి నడిపి చూశాడు. మొండి మనిషి. సీతారావమ్మ రాతిని వెయ్యి డిగ్రీల దాకా వేడి చేసి, మళ్ళీ రాయిగానే అప్పజెప్పింది. ప్రభుత్వంలో ఇది కొత్త పనేమీ కాదు గానీ, ఏసుపాదానికి మాత్రం తలకొట్టేసినట్టయింది. చల్లగది గోడ మీద వేలు రాస్తే వేలికి మసి అంటింది, అంతే. సంతలో దొరికినంత ఉప్పు కొని తెద్దామనుకున్నాడు. గేటు దగ్గర కాపలావాడు సంచీలు వెతికి, మధ్యాహ్నం అన్నంలోకి తెచ్చుకున్న ఆవకాయ కూడా లాక్కున్నాడు.

తర్వాత రోజూ ఎవరో ఒకరు వచ్చారు. యోగా మాస్టారు వచ్చి కొలిమి ముందు పద్మాసనం వేసి, శ్వాస వదలమన్నాడు. సీతారావమ్మ వదిలింది. మాస్టారు పావుగంట దగ్గి, నిశ్వాసం చాలా బలంగా ఉందని రాసిచ్చి వెళ్ళాడు. ఇంకొకాయన వచ్చి రోగి రోజుకి నలభై నిమిషాలైనా నడుస్తుందా అని అడిగాడు. రోజంతా తిరుగుతూనే ఉంటుందని షిఫ్టువాళ్ళు చెబితే, “మరి బీపీ ఎందుకు తగ్గడం లేదు!” అని నొచ్చుకున్నాడు. మంగళవారం నిత్యానందం గారు వచ్చి అందరినీ పిలిచి, చేపలకి కూడా ఉప్పునీటి చేపలు, మంచినీటి చేపలు అని రెండు రకాలుంటాయని, అలవాటు చేసుకుంటే ఏదైనా సాధ్యమేనని ధైర్యం చెప్పాడు.

కమిటీ రావడానికి నాలుగు రోజులుందనగా ఏసుపాదం కొలిమి ఆపేశాడు. కోపంతో కాదు. ఆయనకి ఏడుపు వచ్చింది. ఉత్త రాతిని కాల్చడం చూడలేక పొయ్యి ఆర్పాడు, గాలి కట్టేశాడు, పుస్తకం తీసి రాశాడు: “సీతారావమ్మ. బీపీ 0/0. ఉప్పు ఐదు గ్రాములు.” కృపావతి పొట్లం ఇచ్చి, అలవాటు ప్రకారం ఆ అంకెలు ఫోనులో కొట్టింది. ఫోను ఎర్రగా మారి కీచుమంది.

“అన్నా! ఇది చూడు!”

“చూసేదేముందమ్మా. చచ్చిపోయిందని రాసుకో.”

“కాదన్నా. లో బీపీ అంటంది. లో బీపీకి ఏమియ్యాలో తెలుసా నీకు?” కృపావతి తెర మీది మాటలు ఒక్కొక్కటే కూడబలుక్కుని చదివింది. “రోగి బీపీ పడిపోయిన యెడల తక్షణమే ఉప్పు ఇవ్వవలెను. మామూలు స్థితికి వచ్చు వరకు ఇచ్చుచుండవలెను.”

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కొలిమి షెడ్డులో వారం రోజుల తర్వాత మొదటిసారి ఏసుపాదం నవ్వాడు.

అరగంట తిరక్కుండా అంబులెన్సు వచ్చింది. దాని వెనక జీపులో ప్రత్యేకాధికారి వచ్చాడు. చెప్పులు తారుమారుగా వేసుకున్నాడు పాపం. ఉద్యమంలో ఒక్క మరణం కూడా లేదని ముందురోజే ప్రకటించి ఉన్నాడు. “సున్నా బై సున్నానా! ఏమి చేసితిరయ్యా రోగిని!” అని అరుస్తూ గోడౌను దగ్గరికి పరుగెత్తి, తాను వేసిన లక్కని తానే రాయితో పగలగొట్టాడు.

“ఎంత ఇవ్వవలెను?”

“నాలుగు క్వింటాళ్ళండి. పూటపూటకీ కొంచెం కొంచెంగా,” అన్నాడు ఏసుపాదం.

“ఇవ్వండయ్యా! ప్రాణం కన్న ఎక్కువా!” అని ప్రత్యేకాధికారి ఒక బస్తా తన భుజానికే ఎత్తుకున్నాడు. ఆయన మంచివాడే. మంచివాడు కాకపోతే ఇంత నష్టం చెయ్యలేకపోయేవాడు.

పొయ్యి రాజేశారు. గాలి వదిలారు. మర్నాడు మధ్యాహ్నానికి సీతారావమ్మ వేడెక్కింది. మీటరు ముల్లు నలభై దగ్గర కదిలి, తొంభై దాటి, నూట ఇరవై చేరింది. రెండోది ఎనభై. కుర్చీ వేసుకు కూర్చున్న ప్రత్యేకాధికారి లేచి చప్పట్లు కొట్టాడు.

“నూట ఇరవై బై ఎనభై! ఆపండి! రోగి ఆరోగ్యవంతురాలైనది!”

నూట ఇరవై దగ్గర ఆపితే ఆవిరి చల్లగది దాకా రాదు. అప్పుడు కృపావతి ముందుకొచ్చి, చేతులు కట్టుకుని, ఎంతో వినయంగా చెప్పింది.

“సార్, ఇప్పుడే ఆపితే మళ్ళా పడిపోద్ది సార్. ఐసీయూలో పెట్టాల. మూడు రోజులు. అందాక పెద్దోళ్ళెవరూ లోపలికి రాకూడదు, ఇన్ఫెక్షను.”

ప్రత్యేకాధికారికి ఐసీయూ అన్న మాట నచ్చింది. తన ఉద్యమానికి ఇంతవరకూ ఐసీయూ లేదు. వెంటనే షెడ్డుకి బోర్డు కట్టించాడు: “అత్యవసర చికిత్సా విభాగం. సందర్శకులకు సాయంత్రం నాలుగు నుంచి ఐదు వరకు మాత్రమే, అదీ అద్దంలోంచి.” ఇద్దరు కాపలావాళ్ళని నిలబెట్టి వెళ్ళిపోయాడు.

ఆ మూడు రోజులూ ఏసుపాదం జీవితంలోకెల్లా గొప్పవి. సీతారావమ్మ నూట ఎనభై బై నూట పది మీద ఒక్క అంకె అటూఇటూ కాకుండా నిలిచింది. ఉప్పు వేసేకొద్దీ రాయి మెత్తబడి తన దగ్గరున్నదంతా ఇచ్చేసింది. చల్లగది గోడల మీద పిండి పేరుకుంది, తెల్లగా, అక్కడక్కడా లేత ఆకుపచ్చగా. మూడో రోజు పొద్దున ముక్కుకి గుడ్డ కట్టుకుని ఆయనే గీకి, తూచి, పరీక్షించి, నమ్మక మళ్ళీ పరీక్షించాడు. నూటికి తొంభై ఒకటి. షిఫ్టువాళ్ళు ఆయన్ని ఎత్తి తిప్పారు.

పదకొండు గంటలకి కమిటీ వచ్చింది. ముగ్గురు పెద్దమనుషులు, మూడు ఫైళ్ళు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే. కాపలావాళ్ళు బోర్డు చూపించి నాలుక్కి రమ్మన్నారు. కమిటీకి మూడింటికి రైలుంది. తాము కమిటీ అని చెప్పుకున్నారు. ఐసీయూలోకి కమిటీలని కూడా రానివ్వరని కాపలావాళ్ళు చెప్పారు. చివరికి దయతలచి ఒక్క ఐదు నిమిషాలు అద్దంలోంచి చూడనిచ్చారు.

లోపలినుంచి ఏసుపాదం వాళ్ళని చూశాడు. రెండు దోసిళ్ళ నిండా పిండి పట్టుకుని అద్దం దగ్గరికి పరుగెత్తాడు. “తొంభై ఒకటండీ! తొంభై ఒకటి! చూడండీ!” అని గొంతు చించుకుని అరిచాడు. కొలిమి హోరులో ఆ అరుపు ఆయనకే వినపడలేదు. ముక్కుకి గుడ్డ కట్టుకుని ఎవరో చేతులు ఊపుతున్నాడనుకుని కమిటీ వాళ్ళు కూడా చేతులు ఊపారు. “పరిస్థితి ఎలా ఉంది?” అని కాపలావాడిని అడిగి, “నిలకడగా ఉందండి” అని చెబితే తలలు పంకించి, తమ రైలు ప్రయాణానికి కొనుక్కున్న ఆపిల్ పళ్ళు ఆరు అక్కడ పెట్టి వెళ్ళారు. వారం తిరిగేసరికి నివేదిక వచ్చింది. “యంత్రమును పరీక్షించు అవకాశము లభించలేదు. కావున పనికిరానిదిగా నిర్ధారించడమైనది. తుక్కుగా విక్రయించవచ్చును.”

ఏసుపాదం ఆ కాగితం రెండుసార్లు చదివాడు. పద్నాలుగేళ్ళలో తన పుస్తకాన్ని పైవాళ్ళు చదివింది ఒక్కసారి, అదీ జబ్బనుకుని. కమిటీవాళ్ళు అద్దానికి ఆ పక్క అడుగు దూరంలో నిలబడ్డారు. అడుగు దూరం! ఆ సంగతే ఆయన్ని నిద్రపోనివ్వలేదు.

తుక్కు వ్యాపారి లారీ, గ్యాస్ కట్టరు వేసుకుని సోమవారం దిగాడు. మంట వెలిగించాడో లేదో, ప్రత్యేకాధికారి జీపులోంచి దూకి కట్టరుకి అడ్డంగా నిలబడ్డాడు.

“ఏమిటీ ఘోరం! బతికున్న రోగిని ముక్కలుగా కోయుదురా?”

“ఆర్డరుందండీ,” అన్నాడు వ్యాపారి.

“నా జాబితాలో ఉన్నంతవరకు ఈమె మీద ఈగను వాలనివ్వను! నా ఉద్యమంలో మరణముల శాతం సున్నా!”

అక్కడి నుంచి పనులు చకచకా నడిచాయి. ఖనిజ శాఖ ఆరోగ్య శాఖకి రాసింది, ఆరోగ్య శాఖ ఖనిజ శాఖకి రాసింది. ఎవరికీ ఏమీ అర్థం కాకపోవడం వల్ల ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. కేంద్రాన్ని యథాతథంగా ఆరోగ్య శాఖకి బదిలీ చేశారు. ఎప్పుడు ఉప్పు మానితే అప్పుడు బీపీ సున్నాకి పడిపోతున్న అరుదైన రోగి కాబట్టి, కొలిమి సీతారావమ్మకి రోజుకి నాలుగు క్వింటాళ్ళ ఉప్పు, జీవితకాలం, డాక్టరు చీటీ మీద మంజూరైంది. పద్దెనిమిది మందికీ ఉద్యోగాలు నిలిచాయి. ఏసుపాదం హోదా ‘రోగి సహాయకుడు’గా మారింది. షిఫ్టువాళ్ళు మిఠాయిలు పంచారు. ఏసుపాదం కూడా ఒకటి నోట్లో వేసుకున్నాడు. బతికింది గదా, అదే పదివేలు అనుకున్నాడు. రాతి పిండి వస్తూనే ఉంటుంది, ఉప్పు వస్తూనే ఉంటుంది, లోహం దిగుతూనే ఉంటుంది. ఏదో ఒకనాడు ఎవరో ఒకరు చూస్తారు.

ఆ మధ్యాహ్నమే ప్రత్యేకాధికారి తనిఖీకి వచ్చి, చల్లగదిలో గుట్టగా పడి ఉన్న పిండిని చూశాడు. రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు.

“ఇదేమి?”

ఏసుపాదం ఒక్క గంతులో ముందుకొచ్చాడు. అడిగాడు! పైవాడు ఒకడు అడిగాడు! “అదేనండీ అసలు సంగతి! సీతారావమ్మ లోపల్నించి వచ్చింది…”

“రోగి లోపలనుంచి వచ్చినదా?” ప్రత్యేకాధికారి రెండడుగులు వెనక్కి వేశాడు. “ఇన్ని దినముల నుంచి శుభ్రపరచకుండా ఉంచితిరా! నిబంధన తెలియదా? రోగి శరీరం నుంచి వెలువడిన సమస్తమూ ఆసుపత్రి వ్యర్థములే. పసుపురంగు సంచీలో కట్టి ఏ రోజుది ఆ రోజు పంపివేయవలెను.”

ఏసుపాదం చెప్పబోయాడు. ప్రత్యేకాధికారి అప్పటికే జీపెక్కాడు.

మర్నాటి నుంచి పసుపు సంచీలు వచ్చాయి. సీతారావమ్మ ఎప్పుడూ లేనంత బాగా నడిచింది. తొంభై ఒకటి, తొంభై రెండు, ఒకరోజు తొంభై మూడు. ఏసుపాదం రోజూ గీకాడు, రోజూ తూచాడు, రోజూ తన చేతులతోనే పసుపు సంచీల్లోకి ఎత్తాడు. కృపావతి పక్కన నిలబడి ఫారం నింపేది. “ఏం రాయమంటావన్నా? రంగు అడుగుతంది,” అనేది తల వంచుకుని. “తెలుపు. లేత ఆకుపచ్చ,” అని ఆయన చెప్పేవాడు.

ఆ సంచీలని గోతిలో పూడ్చడానికి తీసుకెళ్ళే వ్యాను వారానికి రెండుసార్లు వస్తుంది. దానిమీద ఆసుపత్రి చెత్త ఎత్తే మనిషి బొల్లా పోతురాజు, నలభై ఏళ్ళవాడు, పదేళ్ళుగా అదే పని. మొదటిరోజు ఒక సంచీ చెవులు పట్టుకుని అలవాటు ప్రకారం ఒంటిచేత్తో లేపబోయాడు. సంచీ కదల్లేదు. రెండు చేతులూ వేశాడు. నడుం పట్టేసింది. సంచీ వదిలేసి, దాని చుట్టూ ఓసారి తిరిగి, అనుమానంగా వేలితో పొడిచి చూశాడు.

“అన్నా, నేను ఎన్ని ఆసుపత్రుల చెత్త ఎత్తినా. దూదులు, గుడ్డలు, సూదులు. ఇంత బరువు ఏడా చూళ్ళేదు. ఇదేందన్నా? దీంట్లో సీసమేమన్నా ఉందా ఏంది?”

ఏసుపాదం చేతిలోని పార కింద పడింది. ఆయన పోతురాజు చెయ్యి పట్టుకుని తన కుర్చీలో కూర్చోబెట్టాడు. మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. సంచీ ముడి విప్పి, గుప్పెడు పిండి తీసి కాగితం మీద పోసి ఆయన ముందు పెట్టాడు. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు.

“అయ్యా, తమరు కొంచెం తీరిగ్గా వినాల,” అన్నాడు. “ఇక్కడ గుండ్లకొండ అని ఒక కొండుందండి. దాంట్లో రాయి…”